పట్టా మీద రెండు దెబ్బలు

“ఖాళీ లిఫ్టు జారి మనిషి మీద పడింది. మనిషి పోయాడు. బ్రేకు వెయ్యడం మర్చిపోయానని ఆపరేటరే ఒప్పుకున్నాడు. ఇంక ఇందులో మీరు కనిపెట్టేదేముంది మేడమ్?”

ఎస్సై ఆ మాటంటూ గోడౌను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. దారి ఇచ్చే ఉద్దేశం అతని మొహంలో ఎక్కడా లేదు.

ఆవిడ కళ్లజోడు తీసి రుమాలుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఇరవై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి, ఉద్యోగం మానేసి, నేర పరిశోధనలోకి దిగిన మనిషి. గుమ్మం ముందు ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని ఎంత పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించుకున్నా అందరికీ ఆవిడ టీచరమ్మే.

“కనిపెట్టేదేమీ లేకపోతే నేను లోపలికొస్తే మీకు పోయేదేముంది ఎస్సై గారూ?”

“టైము పోతుంది. మూడింటికి వాణ్ని కోర్టులో పెట్టాలి. మర్చిపోయాడంటే నేను నమ్మను. గోడౌను యజమాని పెద్దయ్య మొన్న పొద్దున్నే వాణ్ని పదిమందిలో కడిగేశాడు. పనిలోంచి తీసేస్తానన్నాడు. మధ్యాహ్నానికి ఆయన లిఫ్టు కింద నలిగిపోయాడు. నేను పెట్టేది నిర్లక్ష్యం కేసు కాదు, హత్య కేసు.”

మెట్ల మీద కూర్చున్న ఆపరేటరు అక్క ఆ మాటకి చివాలున తలెత్తింది. పొద్దున్నే టీచరమ్మ ఇంటికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, గుమ్మంలోనే నిలబడి మాట్లాడిన మనిషి ఈవిడే. “మా తమ్ముడు అబద్ధమాడుతున్నాడమ్మా,” అంది అప్పుడు. తమ్ముడు నిజం చెబుతున్నాడని ప్రాధేయపడే అక్కల్ని టీచరమ్మ చాలామందిని చూసింది. అబద్ధమాడుతున్నాడని వచ్చిన అక్కని చూడటం అదే మొదలు. కేసు తీసుకోవడానికి ఆ ఒక్క మాట చాలింది.

“మూడింటి దాకా ఆగుతారా?” అంది టీచరమ్మ.

“రెండున్నర.”

“సరే. ముందు మోటారు చూపించండి.”

“లిఫ్టు కింది గుంత చూడరా?”

“కింద పడినదాన్ని చూసేముందు పైన లాగేదాన్ని చూడాలి.”

అది మూడంతస్తుల పేపరు గోడౌను. కింద నుంచి పైదాకా రీళ్లే. ఒక్కో రీలు మనిషి ఎత్తు చుట్ట, మూడువందల యాభై కిలోలు. వాటిని ఎక్కించడానికీ దింపడానికీ ఒకే ఒక సరుకుల లిఫ్టు. ఇనప చట్రంతో చేసిన బోను. దాని మోటారూ బ్రేకూ డాబా మీది చిన్న గదిలో ఉన్నాయి. టీచరమ్మ మోకాలు పట్టుకుని మెట్లెక్కేసరికి ఎస్సై అప్పటికే పైన నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. వాళ్ల వెనక కానిస్టేబులు, అతని చేతికి బేడీతో తగిలించిన ఆపరేటరు. మనిషి వెదురు గడలా ఉంటాడు. గోడౌన్లో అందరూ ‘పొడుగు’ అనే పిలుస్తారు.

టీచరమ్మ మోటారుకి కొట్టిన ఇత్తడి రేకు మీద దుమ్ము తుడిచి చదివింది. మళ్లీ చదివింది.

“ఒక్క హార్సుపవరు! ఏం పొడుగూ, రీలు ఎక్కించి మూడో అంతస్తుకి పంపితే ఎంతసేపు పడుతుంది?”

“నలభై సెకన్లమ్మా.”

“బోను బరువెంత?”

“నాలుగు వందల కిలోలు. దాని మీదే రాసుంటుంది.”

సంచీలోంచి సుద్దముక్క తీసింది. ఉద్యోగం మానేసినా సుద్దముక్క మానలేదు. మోటారు గది గోడే నల్లబల్ల అయింది.

“బోనూ రీలూ కలిపి ఏడువందల యాభై. మూడో అంతస్తు ఎత్తు పన్నెండు మీటర్లు. ఎస్సై గారూ, పని ఎంత?”

“ఇదేమైనా క్లాసురూమా?”

“మీకు రాకపోతే నేనే చెబుతాను.”

“ఎందుకు రాదు? నాకు ఫిజిక్సులో డిస్టింక్షను.” ఎస్సై మెడ నిటారుగా పెట్టాడు. “బలం ఇంటూ దూరం. ఏడున్నర వేలు ఇంటూ పన్నెండు. తొంభై వేల జౌళ్లు.”

“శభాష్. ఆ పని నలభై సెకన్లలో చెయ్యాలంటే సామర్థ్యం?”

“తొంభై వేలని నలభైతో భాగించాలి... రెండువేల రెండువందల యాభై వాట్లు.”

“అంటే మూడు హార్సుపవర్లు. మరి ఇక్కడున్నది ఒకటే. ఒక్క గుర్రం మూడు గుర్రాల పని రోజూ ఎలా చేస్తోంది?”

ఎస్సై గోడ మీది లెక్కనీ మోటారునీ మార్చి మార్చి చూశాడు. లెక్కలో తప్పు లేదు. మోటారులోనూ లేదు.

“డిస్టింక్షను వచ్చిందంటే లెక్క వచ్చినట్టు. లిఫ్టు వచ్చినట్టు కాదు,” అని టీచరమ్మ తాళ్లు చుట్టుకున్న చక్రం దగ్గరికి నడిచింది. “తాడుకి ఈ కొసన బోను వేలాడుతోంది. ఆ కొసన ఏముందో చూడండి.”

వంగి చూశాడు. వెనక గోడ పక్కన, సన్నటి సందులో, ఒక ఇనప దిమ్మ వేలాడుతోంది.

“ఎదురు బరువు. ఆరువందల కిలోలు. రీలుని ఎత్తేటప్పుడు చాలా భాగం దాని బరువే లాగుతుంది. మోటారు లాగేది మిగతా నూట యాభై కిలోలే. అందుకే ఒక్క గుర్రం చాలు.” గిరుక్కున పొడుగు వైపు తిరిగింది. “ఖాళీ బోను మధ్యలో ఆగి ఉంది. కరెంటు లేదు. నువ్వు బ్రేకు వదిలావు. ఎటు పోతుంది?”

“పైకి,” అన్నాడు పొడుగు తడుముకోకుండా. అని, నాలిక్కరుచుకున్నాడు.

ఎస్సై వాచీ చూడటం ఆపేశాడు.

“పైకా?” అన్నాడు ఎస్సై.

“బోను నాలుగు వందలు, దిమ్మ ఆరు వందలు. ఏది ఎక్కువ బరువైతే అది దిగుతుంది. ఖాళీ బోను కిందికి జారి మనిషిని చంపిందని మీ రిపోర్టులో రాశారు. బ్రేకు లేకపోతే ఖాళీ బోను చస్తే కిందికి రాదు. పొడుగూ, మొన్న ఆ బోనులో ఏముంది?”

పొడుగు కళ్లు నేల మీద వాలాయి.

“నీకు నేను తొమ్మిదో తరగతిలో చెప్పాను. పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి పోయావు. ఇవాళ మాత్రం ఇవ్వకు. మీ అక్క కింద మెట్ల మీద కూర్చునుంది.”

“రీలుందమ్మా,” అన్నాడు చివరికి. ఆ తర్వాత ఆగలేదు. “మొన్న కరెంటు పోయింది. కరెంటు పోయినప్పుడు మేం చేతి దింపుడు చేస్తాం. బోనులో రీలు పెట్టి, నేను పైకొచ్చి ఈ కాడ నొక్కి బ్రేకు వదులుతాను. బరువుకి అదే దిగుతుంది. తాడు మీద తెల్లరంగు కనబడే దాకా వదిలేసి, ఆ తర్వాత ఆపి ఆపి దింపుతాను. అది చెయ్యొద్దని పెద్దయ్య మొన్న పొద్దున్నే తిట్టాడు. కానీ కింద ప్రెస్సు లారీ నిలబడి ఉంది. మధ్యాహ్నం బావమరిదిగారే వచ్చి, ఈ ఒక్కటీ దింపెయ్, మా బావకి నేను చెప్పుకుంటానన్నారు.”

బావమరిదిగారంటే పెద్దయ్య భార్యకి తమ్ముడు. గోడౌను తాళాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

“ఎప్పుడు వదలాలో పైనున్న నీకెలా తెలుస్తుంది?”

“కింద గుంత దగ్గరున్నవాళ్లు, అంతా ఖాళీగా ఉందని చూసుకుని, లిఫ్టు జారే నిలువు పట్టా మీద ఇనప చువ్వతో కొడతారు. రెండు దెబ్బలు కొడితే వదలాలి. ఒక్కటి కొడితే ఆపాలి. చప్పుడు పట్టా వెంట ఇక్కడిదాకా వస్తుంది.”

“మొన్న కొట్టారా?”

పొడుగు బేడీ లేని చేత్తో మొహం రుద్దుకున్నాడు. “రెండు దెబ్బలు వినబడ్డాయి. వదిలాను. తాడు వదులైతే దిగిందనుకుని బ్రేకు వేశాను. కిందికెళ్లేసరికి... పెద్దయ్య కింద ఉన్నాడు. బావమరిదిగారు ఒక్కరే అక్కడ నిలబడి ఉన్నారు. ఎవరు కొట్టారండీ అనడిగాను. ఎవరూ కొట్టలేదురా, నీకెక్కడ వినబడింది, చువ్వ బావ చేతిలోనే గుంతలో ఉంది కదా అన్నారు. చేతి దింపుడు అని చెప్పావో ఉరికంబమే, బ్రేకు మర్చిపోయానని చెప్పు, ఏదో జరిమానాతో పోతుంది, లాయరుని నేను పెడతానన్నారు.” బేడీ వంక చూసుకున్నాడు. “అమ్మా, రెండు రోజుల నుంచీ అదే ఆలోచన. ఆ చప్పుడు కూడా రోజూలా లేదు. విన్నానో, విన్నాననుకున్నానో. వినకుండానే వదిలానేమో. ఆ మనిషిని నేనే...”

“చాలు,” అన్నాడు ఎస్సై. అతని గొంతులో గెలిచిన ధీమా. “థాంక్స్ మేడమ్. నా పని తేలిక చేశారు. తిట్టిన యజమాని గుంతలో ఉండగా మూడున్నర వందల కిలోల రీలుతో సహా బోను వదిలాడు. చువ్వ శవం పక్కనే దొరికింది, నేనే తీశాను. చువ్వ గుంతలో ఉంటే పైన కొట్టిందెవరు? దెబ్బలూ లేవు, గిబ్బలూ లేవు.”

టీచరమ్మ చేతిలోని సుద్దముక్క సంచీలో వేసేసింది. అక్క అడిగింది తమ్ముణ్ని కాపాడమని. ఇప్పటిదాకా తను చేసింది అతని మెడకి ఉచ్చు ఇంకాస్త బిగించడం.

“ఇంకా రెండున్నర కాలేదు,” అంది. “గుంత చూద్దాం పదండి.”

*

పొడుగునీ కానిస్టేబులునీ మోటారు గదిలోనే ఉంచి వాళ్లు దిగేసరికి బావమరిది గుంత దగ్గరే ఉన్నాడు. నలగని చొక్కా, నిద్రలేని కళ్లు. కుడిచేతిలో గోడౌను పెద్ద తాళంకప్ప, దానికి వేలాడే తాళంచెవుల గుత్తి. మాట్లాడుతున్నంతసేపూ ఆ కప్పని అరచేతిలో ఊపుతూనే ఉన్నాడు.

పొడుగు చెప్పిందంతా ఎస్సై రెండు ముక్కల్లో చెప్పాడు. బావమరిది పెద్దగా నిట్టూర్చాడు.

“అవునండీ, బ్రేకు మర్చిపోయానని చెప్పమన్నది నేనే. పెళ్లాం పిల్లలున్నవాడు, పాపం, తక్కువలో పోతుందనుకున్నాను. నాదే తప్పు.”

“బోను ఖాళీగా ఉందని కూడా మీరే చెప్పారు,” అంది టీచరమ్మ.

“కంగారులో ఏం చూశానో నాకే తెలీదు టీచరుగారూ. బావ అలా పడుంటే రీలుందా లేదా అని చూస్తామా?”

“చూడక్కర్లేదు. దొర్లిస్తే చాలు.”

కప్ప ఊగడం ఆగింది.

టీచరమ్మ మోకాళ్ల మీద కూర్చుని, గుంత అంచుకి రెండడుగుల ఇవతల సిమెంటు నేల మీద చెయ్యి పెట్టింది. నెలవంకలా కొత్తగా పగిలిన గుర్తు. “మొన్న బోను నేలకి సమంగా దిగలేదు. కింద పెద్దయ్య ఉన్నాడు కాబట్టి జానెడు ఎత్తులో ఆగిపోయింది. అక్కణ్నించి రీలుని దొర్లిస్తే జానెడు ఎత్తు నుంచి దబ్బున పడుతుంది. ఇదిగో పడిన చోటు. మూడున్నర వందల కిలోలని ఎత్తాలంటే పదిమంది కావాలి. గుండ్రటిదాన్ని చదును నేల మీద దొర్లించడానికి ఒక్కడు చాలు.” లేచి, గోడవార నిలబెట్టిన రీళ్ల వరస వెంట నడిచింది. ఐదో రీలు అంచు నలిగి ఉంది. “ఇదిగో పడిన రీలు.”

“కూలీలెవరైనా సర్దుంటారు,” అన్నాడు బావమరిది.

“అయ్యుండొచ్చు,” అంది టీచరమ్మ. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఎస్సై ఆశ్చర్యపోయాడు.

ఆవిడ అప్పటికే పట్టా వైపు చూస్తోంది. గుంత పక్కనుంచి నిటారుగా పైకి పోయే ఇనప పట్టా అది. నడుము ఎత్తులో, రోజూ చువ్వతో కొట్టీ కొట్టీ నిగనిగలాడే చోటు ఒకటుంది. ఆ గీతల మధ్య, వాటికంటే కాస్త కింద, రెండు మచ్చలు. చువ్వ గీతల్లా సన్నగా లేవు. వేలిముద్రంత వెడల్పు. వాటి అంచున సన్నటి పసుపు మెరుపు.

ఇనుము ఇనుముని కొడితే పసుపు రాదు.

ఆవిడ తల తిప్పలేదు. బావమరిది చేతిలోని కప్ప వైపు పొరపాటున కూడా చూడలేదు. పసుపు రంగు ఇత్తడి కప్ప. అరచేతి రాపిడికి బంగారంలా మెరుస్తున్న పాత కప్ప.

ఈ రెండు మచ్చల్ని ఎస్సైకి చూపిస్తే ఏమంటాడో తెలుసు. తాళం వేసేటప్పుడు ఎప్పుడో తగిలి ఉంటుందంటాడు. రోజూ ఆ కప్ప ఇక్కడే తిరుగుతుంది. కోర్టులోనూ అదే మాట చెల్లుతుంది. మచ్చలు చాలవు. కొట్టిన చెయ్యి కావాలి.

“పెద్దయ్యకి ఒక నియమం ఉండేదట కదా?” అంది మామూలుగా, పొద్దున పొడుగు అక్క చెప్పినవాటిలోంచి ఏరుకుని. “గుంతలోకి ఎవరు దిగినా పైన అంచు దగ్గర ఒక మనిషి కాపలా ఉండాల్సిందే అని.”

“ఉండేది. బావకి అన్నిటికీ నియమాలే.”

“మొన్న ఆయనకి కాపలా ఎవరు?”

“ఎవరూ లేరు. కరెంటు లేదు కదా, లిఫ్టు కదలదని ధైర్యంగా దిగుంటాడు. స్ప్రింగు కిర్రుమంటోందని పొద్దుట్నించీ గొణుగుతున్నాడు.”

“తాళాలు రేపట్నించి నాకిచ్చెయ్ అని కూడా గొణిగాడట?”

బావమరిది నవ్వబోయాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. “ఇంటి మాటలు చాలానే విన్నారే! అక్కా బావల మధ్య, మా మధ్య ఎన్నో ఉంటాయండీ. అన్నిటికీ మనుషుల్ని చంపుకుంటామా?”

“చంపుకోం,” అంది టీచరమ్మ. వాచీ చూసుకుంది. రెండు దాటింది. “ఎస్సై గారూ, ఒక ప్రయోగం. మొన్న జరిగింది జరిగినట్టు చేసి చూద్దాం. బోనుని కిందికి దింపించి ఒక రీలు పెట్టించండి. రెండో అంతస్తు దాకా పంపి, మెయిన్ తీసెయ్యండి. పైన పొడుగు మీ కానిస్టేబులికి బ్రేకు వదలడం నేర్పిస్తాడు. నేను పట్టా మీద రెండు దెబ్బలు కొట్టినప్పుడు వదలాలి. నేల మీద పడే తీరు, టైము చూసుకుంటాను.”

“దానివల్ల ఒరిగేదేమిటి?”

“దానికి ముందు ఇంకో పనుంది. దేనితో కొడితే ఆ లోహం రవ్వంతైనా పట్టాకి అంటుకుంటుంది. గుంతలోకి దిగి కింది నుంచి పైదాకా భూతద్దంతో వెతుకుతాను. పావుగంట. ఏమైనా దొరికితే ల్యాబుకి పోతుంది. దొరక్కపోతే మీవాణ్ని మీరు తీసుకుపోండి.”

ఈ మాటలు కావాలనే గట్టిగా అంది. ఎస్సై విసుగ్గా మెట్ల వైపు తిరిగాడు. టీచరమ్మ నాలుగడుగులు అతని వెంట నడిచి, చెవిలో ఒక్క మాట చెప్పింది. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

“మీకు పిచ్చా?”

“చేస్తారా చెయ్యరా?”

అవుననలేదు, కాదనలేదు. రీలు ఎక్కించిన బోనుని రెండో అంతస్తుకి పంపి, మెయిన్ లాగేసి, చీకట్లో టకటకా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

“గుంతలోకి దిగుతున్నాను,” అంది టీచరమ్మ బావమరిదితో. “పెద్దయ్య నియమం ఎందుకు తప్పాలి? మీరు కాస్త అంచు దగ్గర నిలబడండి.”

“తప్పకుండా. నిదానంగా దిగండి.”

*

గుంత ఛాతీ లోతు. మూడు మెట్ల ఇనప నిచ్చెన మీంచి దిగేసరికి మోకాలు కలుక్కుమంది. లోపల గ్రీజు వాసన. నడుమ లావుపాటి స్ప్రింగు. టార్చి వేసి తలెత్తింది. రెండంతస్తుల పైన బోను అడుగు నల్లగా, చదునుగా, పలకలా కనిపించింది.

అది బరువుగా ఉందో ఖాళీగా ఉందో కింద నుంచి చూస్తే తెలీదు. ఎవరికీ తెలీదు. ఆవిడకి కూడా.

ఎస్సై చెవిలో చెప్పింది ఒకటే: రెండో అంతస్తులో ఎవరికీ తెలియకుండా రీలుని బయటికి దొర్లించెయ్యండి, తర్వాత వెనక మెట్ల మీంచి కిందికి రండి అని. చేస్తే ఆ బోను ఇప్పుడు నాలుగువందల కిలోలు. చెయ్యకపోతే ఏడువందల యాభై. అటువైపు ఎదురు బరువు ఆరువందలే, రెండు లెక్కల్లోనూ. ప్రాణం ఆ తేడా మీద ఉంది.

చెవులు రిక్కించి వింది. రీలు దొర్లిన చప్పుడేమీ వినబడలేదు. అంత పైనుంచి వినబడదని ముందే తెలుసు. తెలిసినా గుండె ఊరుకోలేదు. ‘మీకు పిచ్చా?’ అన్న మనిషి ఆ పని చేశాడని నమ్మకమేమిటి? విసుక్కుని కిటికీ దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నాడేమో! పిల్లల ముందు బల్ల మీద రెండు రాళ్లు, ఒక కప్పీతో ఎన్నిసార్లు చేసి చూపించిందో ఈ ప్రయోగం. రాళ్ల కింద తన తల ఎప్పుడూ పెట్టలేదు.

దిమ్మ దిగే సందు వెనక గోడ పక్కన ఉంది. దానికి దూరంగా ముందు గోడకి వీపు ఆనించి, భూతద్దం తీసింది.

“దొరికిందా టీచరుగారూ?” పైనుంచి గొంతు.

“దొరికేట్టే ఉంది. ఏదో పసుపుగా మెరుస్తోంది.”

పైన తాళంచెవులు గలగలమని ఆగిపోయాయి.

తర్వాత నిచ్చెన కదిలింది. టీచరమ్మ చటుక్కున తిరిగేలోపే అది గుంత గోడని రాసుకుంటూ పైకి లేచిపోయింది.

“ఏమండీ! నిచ్చెనెందుకు తీస్తున్నారు?”

అంచు మీద రెండు బూట్లు కనిపించాయి. పట్టా పక్కకి ఒక అడుగు వేశాయి. టార్చి వెలుగులో ఒక చెయ్యి ఊగడం ఆవిడ చూసింది.

టప్. టప్.

ఆ మొద్దు చప్పుడు పట్టాలోంచి ఆవిడ వీపు దాకా పాకింది. పైన ఎక్కడో బ్రేకు కాడ కిర్రుమంది. తాళ్లు వణికాయి. పాత దుమ్ము బుసబుసా మొహం మీద రాలింది. అయినా కళ్లు మూసుకోలేదు. నల్లటి పలక కదిలింది.

పెద్దదవుతుందా, చిన్నదవుతుందా?

చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. వెనక సందులో ఇనప దిమ్మ సర్రున ఒక అంతస్తు కిందికి జారి, బ్రేకు పడి, ఊగుతూ ఆగింది. బోను పైకి పోయింది.

“ఇదేంటిది?” అన్నాడు బావమరిది తనలో తను. “రీలు... రీలుంది కదా!”

“ఉండేది,” అంది రీళ్ల వరస వెనకనుంచి ఎస్సై గొంతు. మరుక్షణం గట్టిగా పెనుగులాట, నేల మీద ఏదో భారంగా పడిన చప్పుడు. “కదిలావంటే చెయ్యి విరుగుతుంది. కప్ప అక్కడే ఉండనీ, ముట్టుకోకు!”

టీచరమ్మ టార్చిని పట్టా మీదికి తిప్పింది. ఇందాకటిదాకా రెండే ఉన్న పసుపు మచ్చలు ఇప్పుడు నాలుగు. పాత జంటా, కొత్త జంటా అక్కాచెల్లెళ్లలా ఒకే పోలిక.

“నన్ను నమ్మరనుకున్నాను,” అంది పైకి చూసి.

“నమ్మలేదు.” ఎస్సై రొప్పుతున్నాడు. “రీలు దొర్లించాక, మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. అప్పుడు నమ్మాను. నిచ్చెన వేస్తున్నా, ఆగండి.”

“బావ వినలేదండీ,” అన్నాడు నేల మీంచి బావమరిది. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. “కాపలా ఉండరా అని నన్నే నిలబెట్టి దిగాడు. దిగి కూడా తాళాల మాటే. రేపు పొద్దున్నే ఇచ్చెయ్, రేపు పొద్దున్నే ఇచ్చెయ్ అని. పైన వాడు రీలు పెట్టుకుని దెబ్బల కోసం కాచుకుని ఉన్నాడు. చువ్వ కూడా బావే పట్టుకుపోయాడు. నా చేతిలో ఇదొక్కటే ఉంది.”

అప్పుడు మూడంతస్తుల పైనుంచి, లిఫ్టు సందులోంచి, ఒక కేక దొర్లుకుంటూ వచ్చింది.

“టీచరమ్మా! అదే! అదే చప్పుడు!” పొడుగు గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. “చువ్వయితే ఖంగుమంటుంది. మొన్న వినబడింది ఇదే, ఈ మొద్దు చప్పుడే! అక్కా, వింటున్నావా? నేను విన్నాకే వదిలానే! నిజంగా విన్నాకే వదిలాను!”

గుమ్మం బయట మెట్ల మీంచి ఎవరో ఒక్క ఉదుటున లేచి, చీకట్లో తడుముకుంటూ, లోపలికి పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది.